విజయపురి వీథులు – పరిరక్షణ చరిత్రలో గృహము స్థానము

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో పెద్దవూర దాటిన కొంతసేపటికి ఆనకట్టయు, దానిని కట్టిన కాలమునాటి కాలనీలును, వాని కవతల కృష్ణాజలరాశియు కనబడును. లాంచిమీద కొంతదూరము పోయినచో నీటినడుమ ఒక ద్వీపము కలదు. నిజమునకు అది ద్వీపము కాదు, ఒక కొండ కొన. ఆ కొండక్రింది లోయ యంతయు నేడు జలగర్భమున నున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి వెలసినది ఆ లోయలోనే.

ద్వీపమునకు పోయినవారు అచ్చట మహాచైత్యమును, సింహళవిహారమును, రాతిమెట్ల స్నానఘట్టమును చూతురు. కుడిగట్టుననున్న అనుపునకు పోయినవారు మెట్లమెట్లుగా నున్న రంగస్థలమును, హారీతి ఆలయమును చూతురు. ఇవి యన్నియు మునుగనున్న లోయలోనుండి తెచ్చి మరల నిలిపినవి. చూచి తిరిగి వచ్చునప్పుడు ఒక్క ప్రశ్న మిగిలిపోవును. ఈ స్నానఘట్టమున నీరాడినవారు ఎచ్చట కాపురముండిరి? ఈ రంగస్థలమున కూర్చుండి వేడుక చూచినవారు ఏ వీథికి మరలిపోయిరి? ఆ వీథి ద్వీపముమీద లేదు, అనుపున లేదు. అది నివేదికలలోని పటములందు మాత్రమే కలదు.

విజయపురి రక్షణము మన దేశపు పురావస్తుచరిత్రలో గొప్ప ఘట్టము. అందు పాల్గొన్నవారి శ్రమను తక్కువచేయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. అయితే ఏది రక్షింపబడినది, ఏది రక్షింపబడలేదు అని లెక్కచూచినచో, మన పరిరక్షణదృష్టిలో గృహమునకు గల స్థానమెట్టిదో తెలియగలదు. ఆ లెక్క నేటికిని తీరలేదు. ఈ వ్యాసము ఆ లెక్కను గూర్చినది.

నగర స్వరూపము

నాగార్జునకొండ లోయ పలనాటిలో కృష్ణకు కుడిగట్టున నుండెను. మూడువైపుల నల్లమల శాఖలైన కొండలు, పడమట కృష్ణ. వైశాల్యము సుమారు 23 చదరపు కిలోమీటర్లు. శాసనములు ఈ ప్రదేశమును శ్రీపర్వతమనియు, నగరమును విజయపురి యనియు పేర్కొనుచున్నవి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కుమారుడు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల చాంతమూలుడు, ఆ పిమ్మట రుద్రపురుషదత్తుడు ఇచ్చటనుండి రాజ్యమేలిరి. వీరి పాలనకాలము సుమారు నూరు సంవత్సరములు. ఆ స్వల్పకాలములోనే ఈ లోయలో ముప్పదికి పైగా బౌద్ధ నిర్మాణములును, పెక్కు వైదిక దేవాలయములును వెలసినవి. రాజులు వైదికధర్మమును అనుసరింపగా, వారి యింటి స్త్రీలు బౌద్ధమునకు విరివిగా దానములిచ్చిరి. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు చేసిన దానములు అందరును ఎరిగినవే.

ఈ ధర్మచరిత్ర మనకు సుపరిచితము. నగరచరిత్ర అంత పరిచితము కాదు. కోట నదియొడ్డున, సుమారు 3000 అడుగుల పొడవు, 2000 అడుగుల వెడల్పుగల ప్రదేశమును ఆక్రమించి, దక్షిణమున పెద్దకుందేళ్లగుట్టను తనలో కలుపుకొని యుండెను. గోడ వెలుపల అగడ్త యుండెను. తూర్పుపడమరల ప్రధానద్వారము లుండెను. కోటలోపల అశ్వమేధమునకు సంబంధించిన మెట్ల కోనేరు బయల్పడినది. జననివాసములు ముఖ్యముగా కోటకు తూర్పుదిక్కున విస్తరించి యుండెను. అచ్చట పెద్దవీథులు, వానిని ఖండించు అడ్డవీథులు, సందులు త్రవ్వకములలో తేటపడినవి. ఇండ్ల గోడలు కొన్ని ఇటుకతోను, పెక్కులు రాతిముక్కలను మట్టితో పేర్చియు కట్టినవి.

ఆ ఇండ్లలో ఎవరుండిరి? ఒక ఇంట మూసలు, ఒరగల్లు, తూకపురాళ్ళు, నగల అచ్చులు దొరకినవి. అది కంసాలి ఇల్లు. శాసనములలో పర్ణికశ్రేణి, పూవికశ్రేణి అను రెండు వృత్తిసంఘముల పేర్లు కలవు. మొదటిది ఆకులమ్మువారిది, రెండవది పిండివంటలు చేయువారిది. దేవాలయ నిర్వహణమునకై శాశ్వతనిధిని ఇట్టి శ్రేణుల యొద్ద నుంచిరి. తమలపాకులమ్మువారి మాటమీద దేవుని సొమ్ము నిలిచిన నగరమది. ఛాయాస్తంభములు రాజునకు మాత్రమేగాక సైనికులకును, పనివారి పెద్దలకును నెత్తబడినవి. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనము ఆమె బంధువర్గమును పేరుపేరున చెప్పి, సింహళదేశపు ఆచార్యులకై కట్టించిన చైత్యగృహమును వర్ణించును. రోమను చక్రవర్తుల బంగారునాణెములు ఈ లోయలో దొరకినవి. దూరదేశముల వర్తకమునకును, స్థానికమగు చిల్లరవర్తకమునకును ఒకే వీథి ఆశ్రయమై యుండెననుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

అంతకు పూర్వము నవశిలాయుగమున ఇదే లోయలో గుంతలు త్రవ్వి, గుంజలు పాతి, పైకప్పు వేసికొని మనుజులు నివసించిన జాడలును బయల్పడినవి. అనగా నాగార్జునకొండ లోయ చరిత్ర మొదటినుండి తుదివరకు కాపురముల చరిత్ర. చైత్యములు, విహారములు ఆ కాపురముల నడుమ వెలసిన శిఖరములు.

రక్షణ ప్రయత్నములు

ఈ నగరమును లోకమునకు చూపిన మొదటివాడు ఒక బడిపంతులు. 1926లో ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఒక ప్రాచీనస్తంభమును చూచి, దాని ప్రాముఖ్యమును గుర్తించి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసనపరిశోధనశాఖలో తెలుగు సహాయకుడుగా నున్న సరస్వతిగారు అచ్చటికి వచ్చి పరిశీలించి, ఆ ప్రదేశము సామాన్యము కాదని నిర్ధారించిరి. ఫ్రెంచి పండితుడు జూవో డూబ్రెయిల్ ఆ యేడే లోయను దర్శించెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరిపెను. ఫోగెల్ పండితుడు ప్రాకృతశాసనములను ప్రకటించెను. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొన్ని స్థలములను త్రవ్వించెను. ఈ దశలన్నింటను దృష్టి ప్రధానముగా స్తూపములమీదను, శిల్పములమీదను, శాసనములమీదను నిలిచినది. అది ఆ కాలపు శాస్త్రదృష్టి. దానిని తప్పుపట్ట బనిలేదు.

పిమ్మట కృష్ణమీద ఆనకట్ట యోచన బలపడినది. 1952లో ఖోస్లా సంఘము నందికొండ స్థలమును పరిశీలించి అనుకూలమైన అభిప్రాయమిచ్చెను. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయ మునిగిపోవుట నిశ్చయమైనందున, 1954లోనే కేంద్ర పురావస్తుశాఖ ప్రత్యేక యోజనను ఏర్పరచి ఆర్. సుబ్రహ్మణ్యంగారిని దానికి అధిపతిగా నియమించెను. 1960 వరకు లోయను అంగుళ మంగుళముగా పరిశోధించిరి. తొలి రాతియుగమునుండి పదునారవ శతాబ్దివరకు గల అవశేషములు వెలికివచ్చినవి. జననివాసములు, వీథులు క్రమబద్ధముగా త్రవ్వబడి పటములలోనికి ఎక్కినది ఈ దశలోనే. ముఖ్యమైన కట్టడములలో కొన్నింటిని రాయిరాయికి గుర్తులువేసి విప్పి, కొండమీదను, అనుపునను మరల కట్టిరి. మరికొన్నింటికి నమూనాలు కట్టిరి. కొండమీది ప్రదర్శనశాల 1966లో వెలసినది. 1967లో సాగరపు కాలువలకు నీరు వదలబడినది.

ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కారణముగా మునుగనున్న అబూసింబెల్ ఆలయములను ఎత్తి నిలుపుటకై యునెస్కో 1960లో ప్రపంచమును పిలిచినది. ఆ ఆలయములను తరలించు పని 1964లో ప్రారంభమై 1968లో ముగిసినది. ఆ పిలుపు వచ్చునాటికే మన లోయలో త్రవ్వకము ముగింపునకు వచ్చినది. ఈ విషయమున మనవారు ఎవరికిని తీసిపోలేదు. కాని రెండుచోట్లను రక్షణపద్ధతి ఒక్కటే: ఎత్తగలిగినది ఎత్తబడినది; ఎత్తలేనిది నీటికి విడువబడినది.

గృహమేల మిగులలేదు?

గృహములు తరలింపబడకపోవుటకు కారణములు స్పష్టములు. మొదటిది, పదార్థము. చైత్యములకును స్తంభములకును వాడిన పలనాటి సున్నపురాయి విప్పినను చెక్కుచెదరదు. మట్టితో పేర్చిన రాతిగోడ విప్పగానే రాళ్ళకుప్ప యగును. రెండవది, సంఖ్య. ఒక స్తూపము ఒక్కటిగానే అర్థవంతము. ఒక్క ఇల్లు అట్లు కాదు. ప్రక్క ఇంటితో, ఎదుటి ఇంటితో, నడుమనున్న వీథితో కలిసినప్పుడే దానికి అర్థము. వీథిని తరలించవలెనన్న నేలను తరలించవలెను. మూడవది, ధనము, కాలము. ఆనకట్ట పని ఎవరికొరకును ఆగదు. నాలుగవది యొకటి కలదు; దానిని ఎవరును వ్రాయలేదు గాని అందరును ఒప్పుకొనిరి. గుడి పూజ్యము, చైత్యము పూజ్యము, ఇల్లు అట్టిది కాదు.

మొదటి మూడు కారణములకు బదులు చెప్పుట కష్టము. పునాదులు మాత్రమే మిగిలిన ఇండ్లను కొండమీదికి చేర్చి ప్రయోజనమేమని అడిగినవారి ప్రశ్న న్యాయమైనదే. అట్టిచోట చేయదగిన రక్షణ ఒక్కటే: పూర్తిగా కొలిచి, పటము గీచి, వ్రాసి, శీఘ్రముగా ప్రకటించుట. కొలుచుట, గీయుట జరిగినవి. ప్రకటన మాట వేరు. 1954–60 నాటి త్రవ్వకముల నివేదిక మొదటి సంపుటము 1975లో వెలువడెను. చారిత్రకయుగమును గూర్చిన రెండవ సంపుటము కె.వి. సౌందరరాజన్‌గారి పేర 2006లో వెలువడెను. త్రవ్వకము ముగిసిన నలువదియారు సంవత్సరములకు విజయపురి వీథులు పుస్తకమున సమగ్రముగా కనబడినవి. ఈ లోపల చైత్యములను గూర్చియు, శిల్పములను గూర్చియు, రాజవంశమును గూర్చియు విలువైన గ్రంథములు వచ్చినవి. మారేమండ రామారావుగారు ఇక్ష్వాకుల చరిత్రను 1967లోనే ప్రకటించిరి. కంసాలి ఇంటి సంగతి మాత్రము చాలకాలము సంక్షిప్త వార్షికనివేదికల పంక్తులలోనే యుండిపోయినది. ఒకసారి నీట మునిగిన వీథి, రెండవసారి కాలములో మునిగినదనవచ్చును.

ఇచ్చట గమనింపవలసిన మాట యొకటి కలదు. 1964లో వెనీసు నగరమున సమావేశమైన పరిరక్షణ నిపుణులు ఒక నియమావళిని అంగీకరించిరి. గొప్ప కళాఖండములేగాక, కాలక్రమమున సాంస్కృతిక ప్రాముఖ్యము గడించిన సామాన్య నిర్మాణములును స్మారకములే యనియు, స్మారకము తన పరిసరమునుండి విడదీయరానిదనియు అందు చెప్పబడినది. స్మారకమును కదలించుట దాని రక్షణమునకు అది తప్పనిసరియైనప్పుడో, అత్యంత ప్రాముఖ్యముగల జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనము దానిని సమర్థించినప్పుడో మాత్రమే తగునని కూడ అందు కలదు. సాగరపు పని సాగుచున్న కాలముననే ఈ మాటలు లోకమున వ్రాతకు వచ్చినవి. వానిని మన ఆచరణలోనికి తెచ్చుకొనుట మాత్రము ఆలస్యమైనది.

మునిగిన ఊళ్ళు

పురాతన వీథులకు పటములైనను మిగిలినవి. జలాశయము నిండునాటికి లోయలో జనులు నివసించుచునే యుండిరి. త్రవ్వకముల నివేదికలలో తరచుగా వినబడు పుల్లారెడ్డిగూడెము అట్టి గ్రామము. ఎడమగట్టున నల్లగొండ జిల్లాలో ఏలేశ్వరము అట్టిది. ఏలేశ్వరమున రాష్ట్ర పురావస్తుశాఖ పక్షమున అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు త్రవ్వకములు జరిపి 1963లో గ్రంథము ప్రకటించిరి. ఆ గ్రంథముల విషయము ప్రాచీనావశేషములు. అప్పటి జనుల ఇండ్లు పురావస్తువులు కావు. కనుక అవి వాని పరిధిలోనికి రాలేదు.

ఆ ఇండ్లు వేరొక పుస్తకమున కెక్కినవి. అది నష్టపరిహారపు లెక్క. భూమి సేకరించునప్పుడు ప్రతి ఇంటికిని గోడ యెట్టిది, కప్పు యెట్టిది, కలప యెంత, విలువ యెంత అని అధికారులు వ్రాసికొనుట పరిపాటి. పెంకుటిల్లునకు ఒక ధర, పూరింటికి ఒక ధర. ఆ లెక్కలో అరుగునకు ధర కలదు. అరుగుమీద సాయంకాలము కూర్చుండు హక్కు ఎవరిదో దానికి వ్రాత లేదు. దర్వాజకు ధర కలదు. దానిని చెక్కిన వడ్లవాని పేరు లేదు. ఊరు విడిచి పోవునప్పుడు జనులు దూలములను, వాసములను, తలుపులను ఊడదీసికొని పోవుట ఏ ముంపు గ్రామమునందైనను చూడదగిన దృశ్యము. ప్రభుత్వము రాతికట్టడమును రాయిరాయిగా విప్పినట్లే, గృహస్థు తన ఇంటిని కఱ్ఱకఱ్ఱగా విప్పుకొనును. గుర్తులు వేయువాడు మాత్రము అతనికి లేడు.

వాడలు, కులముల కూడళ్ళు, బావులు, రచ్చకట్టలు, ఇంటిపేర్లకు మూలమైన స్థలములు, ఇవన్నియు ఊరితో మునిగినవి. సురవరం ప్రతాపరెడ్డిగారు తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కావ్యములనుండియు, చాటువులనుండియు పూర్వుల ఇండ్లు, వస్తువులు, వేడుకలు ఏరి కూర్చిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. సరిగా ఆ యేడే సాగరమునకు శంకుస్థాపన జరిగినది. కావ్యములలోని ఇంటిని వెదకి పట్టుకొనుటకు మనకు మార్గదర్శకుడు దొరకిన సంవత్సరముననే, కన్నులయెదుటనున్న ఇండ్లను వ్రాసికొనవలసిన అవసరము ఏర్పడినది. మన విద్యాలోకము మొదటిపనిని గౌరవించినది. రెండవపనిని తనదిగా భావింపలేదు. ఈ మాట ఒకరిని నిందించుటకు కాదు. తెలుగుశాఖలకు చెందిన మనమందరము ఇందు భాగస్వాములమే.

అలంపురము చూపిన దారి

శ్రీశైలము ఆనకట్ట కారణముగా కృష్ణా తుంగభద్రల తీరమున 100కు పైగా గ్రామములు ముంపునకు లోనైనవి. అప్పుడును ఆలయములను తరలించిరి. సంగమమున నుండిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. పాపనాశేశ్వర సముదాయమును తరలించిరి. కూడవెల్లి గుడి వచ్చినది. కూడవెల్లి ఊరు రాలేదు.

అలంపురమున మాత్రము వేరొక పద్ధతి అనుసరింపబడినది. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు గల ఆ క్షేత్రమును కదలింపక, నీటికి అడ్డముగా గోడ కట్టిరి. అందువలన గుడి తన నేలమీద నిలిచినది. గుడి చుట్టునున్న ఊరు గుడితోపాటు నిలిచినది. ఈ క్షేత్రమునకు స్థానికుడైన పండితుని అండ యుండుట మరువరాదు. గడియారం రామకృష్ణశర్మగారు (1919–2006) అలంపురపు శాసనములను, శిల్పములను, స్థలచరిత్రను వెలుగులోనికి తెచ్చుటకు జీవితకాలము కృషిచేసిరి. వారి ఆత్మకథ శతపత్రమునకు మరణానంతరము సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. ఊరిలో ఆ ఊరి చరిత్ర తెలిసినవాడు ఒకడుండుట ఎంతటి బలమో అలంపురము వలన తెలియును. నాగార్జునకొండకు 1926లో ఒక బడిపంతులు ఎట్లో, అలంపురమునకు శర్మగారట్లు.

ప్రతిచోటను గోడ కట్టుట సాధ్యము కాదు. కాని అలంపురము ఒక సూత్రమును నిరూపించినది. స్మారకమును తరలించినప్పుడు ఊరు పోవును. పరిసరముతో రక్షించినప్పుడు ఊరు మిగులును.

నగరమున గృహరక్షణ

జలాశయము లేని చోట గృహమునకు ముప్పు వేరువిధముగ వచ్చును. హైదరాబాదులో దేవిడీలు, హవేలీలు, వానిని చేరియున్న గల్లీలు నీటిముంపునకు కాక నేలధర ముంపునకు లోనైనవి. 1981 నాటి పట్టణాభివృద్ధి మండలలి నిబంధనలలోని 13వ నిబంధన క్రింద సుమారు 150 కట్టడములు చారిత్రకములుగా పట్టికకెక్కినవి. పట్టికలో ప్రభుత్వభవనములతోపాటు కాపురపు భవనములును ఉండుట విశేషము. 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థయొక్క హైదరాబాదు శాఖ, పాత కట్టడములను చక్కగా నిలుపుకొన్నవారికి పురస్కారము లిచ్చు సంప్రదాయమును నడపినది. గుడిని కాపాడుటకు దేవాదాయశాఖ కలదు. ఇంటిని కాపాడవలసినవాడు ఇంటివాడే. అతని ఖర్చును గుర్తింపక అతనిని నిర్బంధించు చట్టము నిలువదు. ఈ సత్యమును గ్రహించిన ప్రయత్నమది.

ఆ నిబంధన 2015 డిసెంబరులో తొలగింపబడినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. 2019లో ఇర్రమ్ మంజిల్ వ్యవహారము జరిగినది. ఫఖ్రుల్ముల్కు నవాబు కాపురమునకై 1870 ప్రాంతమున కట్టించిన ఆ భవనమును కూల్చి శాసనసభకు క్రొత్తభవనము కట్టవలెనని మంత్రివర్గము నిర్ణయింపగా, వంశీకులును, నగరపౌరులును ఉన్నత న్యాయస్థానమునకు పోయిరి. 2019 సెప్టెంబరు 16న న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఒక ఇంటికొరకు పౌరులు నిలిచి గెలిచిన సందర్భముగా ఇది జ్ఞాపకముంచుకొనదగినది. అయితే అది నవాబుగారి ఇల్లు. దానికి వంశీకులున్నారు, పటములున్నవి, పేరున్నది. పెద్దవూర చుట్టుప్రక్కల తండాలలోని ఇంటికి, మాదిగవాడలోని ఇంటికి, నల్లమలలోని చెంచుగుడిసెకు ఎవరు నిలుతురు?

కేంద్రప్రభుత్వపు 1958 చట్టము ప్రకారము నూరు సంవత్సరములు నిలిచిన నిర్మాణమేదైనను, చారిత్రక ప్రాముఖ్యము గలదైనచో, ప్రాచీనస్మారకము కావచ్చును. చట్టము ఇంటిని బహిష్కరింపలేదు. కాని మట్టిగోడ, తాటాకు కప్పు, పూరిపాక నూరేండ్లు ఒక్కరీతిగ నిలుచునవి కావు. అవి యేటేట క్రొత్తవగుచు ఒకే రూపమును తరతరములకు అందించును. అందు ప్రాచీనమైనది పదార్థము కాదు, పద్ధతి. రాతికి తగిన కొలబద్దతో మట్టిని కొలిచినచో పేదవాని ఇల్లు ఎన్నటికిని చరిత్రలోనికి రాదు.

ఉపాధ్యాయుల పని

2013లో పులిచింతల, 2022లో మల్లన్నసాగరము ప్రారంభమైనవి. విజయపురి మునిగిన అరువదియేండ్లకును ఊళ్ళు మునుగుట ఆగలేదు. సాగునీరు వలదనువాడు ఈ వ్యాసకర్త కాడు. సాగరపు నీటివలన నల్లగొండ, గుంటూరు మండలములలో మెట్టచేలు మాగాణులైనవి. ఆ అన్నమును తినుచు ఆనకట్టను నిందించుట తగదు. కాని నీటికి ఊరునిచ్చునప్పుడు ఊరి లెక్క వ్రాసియిచ్చుట మన బాధ్యత. ఆ లెక్క ధరలలెక్క మాత్రమే కారాదు.

ఆ పని తెలుగుశాఖలది యనుటకు కారణము కలదు. ఇల్లు కొలుచుటకు శిల్పి చాలును. ఇంటిలోని మాటలను వ్రాయుటకు భాష తెలిసినవాడు కావలెను. అర్ర, సాయబాను, అటుక, గరిసె, మొగురము, దంతె, చూరు, గవాక్షి, డంగుసున్నము, గచ్చు – ఈ మాటలలో కొన్ని నేటి విద్యార్థికి తెలియవు. వస్తువు పోయిన పిదప మాట నిఘంటువులో మిగులును. ఏ వస్తువునకు చెప్పినదో చూపువాడుండడు. ప్రబంధములలోని గృహవర్ణనలను బోధించునప్పుడు మనమే తడబడు సందర్భములు కలవు. కనుక ఇది పరులకు చేయు సేవ కాదు. మన శాస్త్రమునకు మనము చేసికొనవలసిన పని.

లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణములో ఊరూర తిరిగి శాసనములను సేకరించి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో బి.ఎన్. శాస్త్రిగారు అదే దారిని నడచి శాసనములను, స్థలచరిత్రలను సంపుటీకరించిరి. వీరెవరికిని ప్రభుత్వశాఖల బలము లేదు. రాతిమీది వ్రాతను ఆ రీతిగా కూర్చినవారికి వారసులమైన మనము, ఇంటిలోని వ్రాతను ఆ రీతిగా కూర్పవచ్చును. ప్రతి ఇంటికిని ఒక పత్రము చాలును. అందు ఇంటి పటము, దిక్కు, కట్టిన వస్తువులు, కట్టినవారి వృత్తి, ఇంటివారు చెప్పు కాలము, దస్తావేజులలోని హద్దులు, గదులకు వారు వాడు పేర్లు, వీథికిని వాడకును గల పాతపేర్లు ఉండవలెను. మేడనుండి మొదలిడి గుడిసెవద్ద ఆగిపోక, గుడిసెనుండియే మొదలిడుట మేలు. ఏలయన ముందుగా పోవునది అదియే. సాగర నిర్వాసితుల సంతతివారు నేడు రెండు రాష్ట్రములలోను కలరు. ముంపునాటికి బాలురైనవారు ఇప్పుడు వృద్ధులు. వారి జ్ఞాపకముననున్న ఊరిపటమును, పరిహారపు దస్త్రములలోని ఇండ్లపట్టికను కలిపి చూచినచో, మునిగిన గ్రామముల వీథులు కొంతవరకైనను కాగితముమీద లేచి నిలువగలవు. ఇది పరిశోధకవిద్యార్థి యొకడు కొలదియేండ్లలో చేయగల పని. కాలము మాత్రము ఎక్కువ లేదు.

దీనికి ప్రారంభస్థలము దూరమున లేదు. నందికొండలోని హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఆనకట్ట కట్టినవారికై ఏర్పడిన నివాసములు. రాతిపనివారు, కూలీలు, ఇంజనీర్లు, వారి కుటుంబములు నానా జిల్లాలనుండి వచ్చి అచ్చట ఊరై నిలిచిరి. ప్రపంచములో పెద్దదియైన రాతి ఆనకట్టను వారు కట్టిరి. ఆ ఆనకట్ట చరిత్ర పుస్తకములలో కలదు. కట్టినవారి వీథి చరిత్ర లేదు. విజయపురి స్నానఘట్టము మిగిలి వీథి పోయినట్లే, ఇచ్చటను ఆనకట్ట మిగిలి వీథి పోవు ప్రమాదము కలదు. అదే ప్రాంతమున 2022లో 274 ఎకరములలో బుద్ధవనము ప్రారంభమైనది. అందు అమరావతీస్తూపపు ప్రతిరూపమును కట్టిరి. పూర్వపు స్తూపమును మరల కట్టుకొనగల శక్తి మనకు కలదు, సంతోషింపదగినదే. అయితే ప్రతిరూపము కట్టుటకు మూలమును గూర్చిన వ్రాత ఉండవలెను. మెకంజీ దొర కాలమున గీయించిన చిత్రములు లేకున్నచో అమరావతి రూపము మనకు ఇంతగా తెలిసెడిది కాదు. ఇండ్లకు అట్టి చిత్రములను మనము గీచియుంచుకొనలేదు.

శంకుస్థాపన జరిగి 2055 నాటికి నూరేండ్లు నిండును. అప్పుడు ఆ కాలనీ ఇండ్లకు చట్టము చెప్పిన వయస్సు వచ్చుట ప్రారంభమగును. అంతవరకు ఎన్ని గోడలు నిలుచునో చెప్పలేము. గోడలు నిలుచుట మన చేతిలో లేదు. వానిని గూర్చిన వ్రాత మన చేతిలో నున్నది. 1926లో ఒక ఉపాధ్యాయుడు పొలములో నిలిచిన రాతిస్తంభమును చూచి, ఇది ఊరకయుండదగినది కాదని ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరమువలన ఒక నగరము మనకు తెలిసినది. ఆ బడిపంతులు చూచినది స్తంభమును. మనము చూడవలసినది గడపను.